బస్తీకి కూరగాయల బండి రాదా?

బోయిన్‌పల్లి మార్కెట్‌కు తెల్లారకముందే లారీలు వచ్చి చేరతాయి. టమాట, బెండ, బీర, కట్టలకు కట్టలు ఆకుకూరలు. అమ్ముడుపోక కుళ్లినదాంతో అక్కడే బయోగ్యాస్ ప్లాంటు పెట్టి కరెంటు తీస్తున్నారు. రోజుకు 10 టన్నుల చెత్త, 500 యూనిట్ల కరెంటు అని 2021లో ప్రధాని మన్‌ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. మంచి పనే, కాదనను. కుళ్లిన కూరగాయ ఎక్కడికి పోవాలో అంత శ్రద్ధగా ఆలోచించిన మనకు, తాజా కూరగాయ సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని రసూల్‌పురా బస్తీకి ఎలా చేరాలన్నది ఎందుకు పట్టలేదు?

ఇళ్లల్లో పని ముగించుకుని సాయంత్రం ఏడింటికి బస్తీకి చేరిన ఆడమనిషికి దొరికేదేంటో ఒకసారి వచ్చి చూడండి. అపార్ట్‌మెంట్లన్నీ తిరిగొచ్చిన తోపుడు బండి అడుగున నలిగిన టమాటాలు, ముదిరిన బెండకాయలు, పుచ్చు వంకాయలు. అవైనా పావుకిలో లెక్కన కొంటే ధర ఎక్కువే పడుతుంది. బండివాడిని అనేదేం లేదు, అతనిదీ రోజు గడిస్తే చాలనే బతుకే. పక్కన కిరాణా కొట్టు ముందు మాత్రం ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. సందు ఎంత ఇరుకైనా ఆ సరుకు వచ్చే తీరుతుంది! పిల్లాడి చేతిలో ఒక ప్యాకెట్ పెట్టి, అన్నంలోకి పచ్చిపులుసుతో సరిపెడుతుంది ఆ తల్లి.

రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అందులోకి కూరేదని అడిగిన నాథుడు లేడు. తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆడవాళ్లలో సగానికి పైనే.

ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉందిగా, మోండా మార్కెట్‌కు పోవచ్చుగా అంటారు. పొద్దున్నే ఇల్లు వదిలే మనిషి ఎప్పుడు పోవాలి? పని మానుకుని పోతే ఆ పూట డబ్బులు ఎవరిస్తారు?

చేతకాక కాదు. రైతుబజార్లు 1999లోనే పెట్టుకున్నాం. 2020 లాక్‌డౌన్‌లో మొబైల్ రైతుబజార్లు కాలనీల్లోకి వచ్చాయి. మనకు కష్టమొస్తే రోజుల్లోనే బళ్లు కదిలాయి. ఏడింటికి ఇల్లు చేరే ఆమెకు ఆ కష్టం ఏడాది పొడుగునా ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

మార్కెటింగ్ శాఖ వారినీ, కంటోన్మెంట్ బోర్డు వారినీ అడుగుతున్నాను. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదింటి దాకా, రైతుబజారు ధరల బోర్డు పెట్టి, పావుకిలో కూడా తూచి ఇచ్చే బండిని బస్తీ మలుపులో నిలపండి. వ్యాను పట్టదంటే ట్రాలీ ఆటో పంపండి. బోయిన్‌పల్లిలో సరుకుంది, ఊళ్లో ఆటోలున్నాయి. ఇంకా దేనికి ఆగుతున్నారో జవాబు చెప్పండి.