మామిడి వాసన వచ్చినంత మాత్రాన మామిడి పండు కాదు తమ్ముడూ

పోయిన నెల రాయచోటి బస్టాండులో మన తండా పిల్లోడు ఒకడు కనబడినాడు. ఇంటర్ మొదటి సంవత్సరం. చేతిలో రంగు పెన్ను లాంటిది. నోట్లో పెట్టి పీల్చి వదిలినాడు, తియ్యని మామిడి వాసన. "సిగరెట్ కాదులేన్నా, ఫ్లేవర్ అంతే" అన్నాడు.

వాని మీద కోపం రాలేదు. డిగ్రీ చదివిన నాకే వేప్ గురించి సరిగ్గా తెలీదు. ఆ రాత్రి కూర్చొని చదివినా.

బీడీ మొదటిసారి పీలిస్తే గొంతు మండుతుంది. ఆ దగ్గుకే భయపడి వదిలేసినోళ్లు మనలో ఎంతమంది లేరు! వేప్‌లో ఆ మంట తెలీకుండా చేసినారు. నికోటిన్‌కు ఆమ్లం కలిపి ఉప్పుగా మారుస్తారు, పైన మామిడి, పుదీనా తీపి. గొంతుకు తెలీదు గానీ మెదడుకు తెలుస్తుంది. ఇరవై అయిదేళ్ల దాకా ఎదిగే మెదడు అది. చదువు మీద ధ్యాస పోతుంది, అలవాటు తొందరగా పట్టుకుంటుంది. అమెరికాలో జూల్ కంపెనీ మామిడి ఫ్లేవర్ కూడా అమ్మింది. ఒక్క పాడ్‌లో దాదాపు సిగరెట్ ప్యాకెట్ అంత నికోటిన్. 2019లో అక్కడి హైస్కూలు పిల్లల్లో నూటికి 27 మందికి పైగా వేప్ పీలుస్తున్నట్టు ప్రభుత్వ సర్వేలోనే తేలింది.

మన దేశంలో 2019 నుంచే దీని మీద నిషేధం ఉంది. అమ్మకం, రవాణా, దిగుమతి, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ పెట్టినా ఆరు నెలల దాకా జైలు. ఎస్సై స్థాయి అధికారి అంగడి సోదా చేయొచ్చు. పిల్లలకు పొగాకు ఇచ్చినోళ్లకు జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది.

చూడండి, చట్టం పట్టుకోమన్నది అమ్మేవాణ్ణి. మనోళ్లు పట్టుకునేది పిల్లోణ్ణి. అమ్మానాయనా బెంగుళూరులో బిల్డింగ్ పనికి పోయినారు, వీడు హాస్టల్లో ఉన్నాడు. దొరికితే పేరు కొట్టేసి పంపిస్తే? ఆ ఇంట్లో ఇంటర్ దాకా వచ్చిన మొదటోడు, మరుసటి వారం సిమెంటు మోస్తాడు. వార్డెన్లూ, వాణ్ణి పంపించొద్దు. పిలిచి మాట్లాడండి. 1800-11-2356కు ఫోన్ చేయించండి, పొగాకు మాన్పించే ప్రభుత్వ ఉచిత నంబరు అది. అంగడి మీద మాత్రం రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దాం, నేనూ సంతకం పెడతా.

ఏ అంగడో వాడింకా చెప్పలేదు. చెప్తే హాస్టల్ నుంచి పంపేస్తారని భయం.