బడిపిల్లోళ్లకు రోడ్డు దాటడం నేర్పుదాం! రేపటి నుంచే!

అన్నలారా! అక్కలారా! పాములపాడు మండల తల్లిదండ్రులారా!

పొద్దున బడికి పంపిన బిడ్డ సాయంత్రం ఇల్లు చేరేదాకా మన ప్రాణం కుదుటపడుతోందా? తెల్లారకముందే ఆటో ఎక్కి మిరప కోతకు పోతాం. పిల్లోళ్లను రోడ్డు దాటించేదెవరు? కండ్లు సరిగా ఆనని అవ్వ! లేదంటే ఒకటో తరగతి తమ్ముడి చెయ్యి పట్టుకున్న మూడో తరగతి అక్క!

మన మండలం గుండా పోయేది కేజీ రోడ్డు. కర్నూలు నుంచి దోర్నాల దాకా 340సి జాతీయ రహదారి. శ్రీశైలం బస్సులు, గుంటూరు లారీలు, మన ట్రాక్టర్లు, అన్నీ దాని మీదే. శివరాత్రి, ఉగాది వచ్చాయంటే చెప్పే పనే లేదు!

60 స్పీడులో వచ్చే బండి ఒక్క సెకనులో 16 మీటర్లు దాటేస్తుంది. ఏడేళ్ల బిడ్డ "ఇంకా దూరముందిలే" అనుకుని అడుగేస్తాడు. తప్పు వాడిదా? బండి స్పీడు ఆ వయసుకు అంతుపట్టదు! "చూసుకుని పోరా" అని గడప కాడ అరిస్తే చాలా? ఎటు చూడాలో ఎవరైనా చూపించారా?

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. ఐదుగురిలో దాదాపు ఒకరు కాలినడకన పోయేవాళ్లే!

అన్నిటికన్నా భయం ఆటో దిగేచోట. బిడ్డ దిగుతాడు. రోడ్డవతల అవ్వ కనపడుతుంది. ఆటో వెనక నుంచి ఒక్క పరుగు! బైకోడికి బిడ్డ కనపడడు, బిడ్డకు బైకు కనపడదు. అవ్వా, తాతా! మనవడిని అవతల నుంచి పిలవొద్దు! మీరే ఇవతలికొచ్చి చెయ్యి పట్టుకోండి!

రోడ్డు పాఠం రోడ్డు మీదే నేర్పాలి. బిడ్డను అంచున నిలబెట్టండి. ముందు కుడి పక్క, తర్వాత ఎడమ పక్క, మళ్లీ కుడి పక్క చూపించండి. మన దగ్గరి పక్కన వచ్చే బండి కుడి నుంచే వస్తుంది గదా! ఆటో, బస్సు కదిలిపోయినాకే దాటాలి. నడిచి దాటాలి, ఉరకరాదు. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కనే, బండ్లకు ఎదురుగా నడవాలి. ఒక్కరోజు చెప్తే రాదు. "ఇప్పుడు దాటొచ్చా నాయనా?" అని రోజూ వాడినే అడగండి. తప్పు చెప్తే ఆపి మళ్లీ చూపించండి. పదేళ్లు నిండేదాకా చెయ్యి మాత్రం వదలొద్దు!

రోడ్డు అంచున మొక్కజొన్న ఆరబోస్తే బిడ్డ నడిరోడ్డెక్కుతాడు. బడి దారిలో కల్లం వద్దు!

అయ్యవార్లారా, టీచరమ్మలారా! శనివారం ఒక్క గంట ఇవ్వండి. బడి ఆవరణలో ముగ్గుపిండితో రోడ్డు గీసి దాటించండి. ఆ తర్వాత గేటు బయటికి తీసుకురండి. మేమూ పక్కన నిలబడతాం.

పిల్లోళ్లకు నేర్పి ఊరుకుందామా? బడి కాడ బోర్డు, స్పీడ్ బ్రేకరు, దాటే తెల్లచారలు లేకుంటే ఎవరిని అడగాలి? అధికారులనే! నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ ఉండటం బతికే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టే చెప్పింది. మనం బిచ్చమడగట్లేదు!

సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఇంటికొకరు కదలండి! అర్జీ మీద సంతకం పెట్టండి, వేలిముద్ర వెయ్యండి! ఆ పనులు అయ్యేదాకా ఆగొద్దు. రేపటి నుంచే బడి గంట కొట్టే వేళకు వీధికిద్దరు రోడ్డు మీదికి రండి!

ఇట్లు,
పాములపాడు మండల బడిపిల్లల తల్లిదండ్రులు