కుర్రాళ్లు సరే, వాళ్లకు చోటేదీ?

డెట్రాయిట్ రెడ్ వింగ్స్ భవిష్యత్తు గురించి ఎవరు మాట్లాడినా ముందు కుర్రాళ్ల పేర్లు చదువుతారు. మార్కో కాస్పర్, నేట్ డేనియల్సన్, ఆక్సెల్ శాండిన్ పెలిక్కా, మైకేల్ బ్రాన్‌సెగ్ నైగోర్, గోల్ కాపలాకు సెబాస్టియన్ కోసా. జాబితా బాగుంటుంది. కొన్నేళ్లుగా ప్రతి వేసవిలోనూ ఇలాగే బాగుంటోంది. కానీ వరసగా పాతిక సీజన్లు ప్లేఆఫ్స్ ఆడిన ఆ క్లబ్బు 2016 తర్వాత 2025 దాకా ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. తొమ్మిది సీజన్లు అలాగే గడిచిపోయాయి.

ఆ కుర్రాళ్ల ప్రతిభ మీద నాకు ఏ అనుమానమూ లేదు. వాళ్ల జాబితా పక్కనే ఉండవలసిన రెండో జాబితా లేకపోవడమే నా బాధ. ఏ స్థానం ఏ ఏడాది ఖాళీ అవుతుంది, ఆ ఏడాదికి ఎవరు సిద్ధమవుతారు అన్నది అందులో ఉండాలి. మొదటి జాబితా తయారుచేయడం డెట్రాయిట్‌కు బాగా వచ్చు. రెండోది రాయడంలోనే చాలాకాలంగా తప్పుతోంది.

ఐస్ హాకీ మనలో చాలామందికి దూరపు ఆట. మిషిగన్‌లో నోవై, ట్రాయ్ వైపు స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో మాత్రం చక్రానికి రెక్కలున్న ఎర్ర జెర్సీ తెలియని పిల్లలుండరు. వాళ్లకు తెలిసిన లెక్క మిగతావాళ్ల కోసం ఒకసారి చెబుతాను. ఎన్‌హెచ్ఎల్‌లో 32 క్లబ్బులున్నాయి. ఒక్కో క్లబ్బు 23 మందిని పెట్టుకోవచ్చు. మ్యాచ్‌కు సిద్ధమయ్యేది 20 మంది: ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్ల ఫార్వర్డ్‌లు, మూడు జతల డిఫెన్స్, ఇద్దరు గోలీలు. ఏటా జూన్‌లో జరిగే డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు. అంటే ఐదేళ్లలో ఒక్కో క్లబ్బు దాదాపు 35 మంది కుర్రాళ్లను ఎంచుకుంటుంది. ఉన్న 23 చోట్లలో సగానికి పైగా అప్పటికే పెద్దవాళ్లవి. 18 ఏళ్లకే వేదిక మీద టోపీ పెట్టుకుని ఫొటో దిగిన పిల్లల్లో ఎక్కువమందికి ఆ జట్టులో స్థిరమైన చోటు ఎప్పటికీ దొరకదన్నమాట.

కుర్రాళ్లను తొందరపెట్టమని నేను అనడం లేదు. ఆ దారి పట్టిన ఎడ్మంటన్ ఏమైందో చూశాం. 2010, 2011, 2012 వరసగా మూడేళ్లు డ్రాఫ్ట్‌లో మొదటి పేరు పిలిచే అవకాశం వాళ్లదే. అయినా 2017 దాకా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. 2012లో ఎంచుకున్న నెయిల్ యాకుపోవ్‌ను నేరుగా పెద్ద జట్టులోకి దించారు. మొదటి సీజన్లో 17 గోల్స్ కొట్టాడు, తర్వాత తడబడ్డాడు, 2018 వేసవి తర్వాత లీగ్‌లోనే లేడు. ఓడిపోతున్న జట్టును ఎత్తే భారం ఆ వయసు పిల్లాడి భుజాల మీద పెట్టడం అన్యాయం.

డెట్రాయిట్ సంప్రదాయం దీనికి పూర్తిగా ఎదురు. పండు బాగా మాగాకే గంపలోంచి తీయాలన్నది అక్కడి పాత పద్ధతి. 1998లో 171వ పేరుగా దొరికిన పావెల్ దాత్సుక్, 1999లో 210వ పేరుగా దొరికిన హెన్రిక్ జెట్టర్‌బర్గ్ ఇద్దరూ సొంత దేశంలో ముదిరాకే డెట్రాయిట్ చేరారు. ఆ తర్వాతి తరానికి రెండున్నర గంటల దూరంలోని గ్రాండ్ రాపిడ్స్ బడి అయింది. అక్కడి గ్రిఫిన్స్ జట్టు ఏహెచ్ఎల్‌లో, అంటే ఒక మెట్టు కింది లీగ్‌లో, ఆడుతుంది. 2013లో ఆ లీగ్ కప్పు గెలిచిన గుస్తావ్ నైక్విస్ట్, తోమాష్ తతార్‌లు మెల్లగా పైకి వచ్చి నిలదొక్కుకున్నారు. అప్పట్లో ఈ పద్ధతి చెల్లింది. ఎందుకంటే పైన ఉన్నవాళ్లు కప్పులు గెలిచినవాళ్లు. కుర్రాడు ఆగినా జట్టుకు నష్టం లేదు.

2019 ఏప్రిల్‌లో జనరల్ మేనేజర్‌గా స్టీవ్ ఐజర్‌మన్ వచ్చేసరికి ఆ పరిస్థితి లేదు. ఆయన మొదటి డ్రాఫ్ట్ వాంకూవర్‌లో. ఆరో పేరుగా మోరిట్స్ సైడర్ అని పిలిచారు. ఈ జర్మన్ డిఫెన్స్ కుర్రాడు అంత ముందు వస్తాడని ఎవరూ అనుకోలేదు, అతనితో సహా. కెమెరా అటు తిరిగేసరికి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. టీవీల్లో విమర్శలు మొదలయ్యాయి. ఆ పిల్లాడితో తర్వాత క్లబ్బు నడుచుకున్న తీరు మాత్రం పాఠం చెప్పదగ్గది. కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి ఎంచుకున్నవాణ్ని 20 ఏళ్లు నిండేదాకా ఏహెచ్ఎల్‌కు పంపకూడదన్న ఒప్పందం అప్పట్లో ఉండేది. పెద్ద జట్టులోనైనా పెట్టుకోవాలి, లేదా జూనియర్‌కు వెనక్కి పంపాలి. యూరప్ కుర్రాడైన సైడర్‌కు ఆ అడ్డు లేదు. 18 ఏళ్లకు గ్రాండ్ రాపిడ్స్, మరుసటి ఏడాది స్వీడన్‌లో రోగ్లే క్లబ్బు, అక్కడ లీగ్‌లోకెల్లా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడన్న పేరు. 2021 అక్టోబరులో డెట్రాయిట్ వచ్చాడు. 82 మ్యాచ్‌లూ ఆడి, గోల్స్, అసిస్ట్‌లు కలిపి 50 పాయింట్లు సాధించి, ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ పట్టుకెళ్లాడు.

ఈ కథలో అందరూ సైడర్‌ను మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది అతను వచ్చేసరికి తెరిచి ఉన్న తలుపును. 2021లో డెట్రాయిట్ మొదటి జత డిఫెన్స్‌లో అడ్డం కూర్చున్నవాళ్లు లేరు. అదే శరదృతువులో వచ్చిన లూకస్ రేమండ్‌కూ మొదటి లైన్లోనే ఆట దొరికింది. డెట్రాయిట్ 2019-20లో 71 మ్యాచ్‌లకు 17 గెలిచి అట్టడుగున నిలిచినా, డ్రాఫ్ట్ వరస తేల్చే లాటరీలో నాలుగో స్థానానికి జారిపడింది. ఆ నాలుగో పేరే రేమండ్. అదృష్టం మొహం చాటేసినా ఖాళీగా ఉన్న చోటు ఆ ఇద్దరినీ ఆటగాళ్లను చేసింది.

ఆ తర్వాతే దారి మూసుకుపోవడం మొదలైంది. ఓడీ ఓడీ విసిగిన అభిమానులకు ఏదో ఒకటి చూపించాలి. జులైలో, ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల మార్కెట్ తెరుచుకోగానే, పెద్ద వయసు ఆటగాళ్లతో సంతకాలు. 2022లో ఆండ్రూ కాప్‌కు ఐదేళ్లు, సగటున ఏటా 56 లక్షల డాలర్లకు పైన. 2023లో జె.టి. కాంఫర్‌కు ఐదేళ్లు, ఏటా 51 లక్షలు. ఇద్దరూ సెంటర్లే, అంటే లైన్ మధ్యలో ఆడేవాళ్లు. కెప్టెన్ డిలన్ లార్కిన్ కూడా సెంటరే, అతని ఒప్పందం ఎనిమిదేళ్లు. మరి 2022 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పేరు మార్కో కాస్పర్, 2023లో తొమ్మిదో పేరు నేట్ డేనియల్సన్. వాళ్లూ సెంటర్లే! మంచి సెంటర్ కావాలని డ్రాఫ్ట్‌లో పది లోపు అవకాశాలు రెండు ఖర్చు చేసిన క్లబ్బే, ఆ స్థానాల మీద 2027, 2028 దాకా వేరేవాళ్ల పేర్లు రాసిపెట్టింది.

కాస్పర్ అయినా ఆగలేదు. గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక సీజన్ ఆడి, 2024-25లో పైకొచ్చి 19 గోల్స్ కొట్టాడు. కొన్నాళ్లు లార్కిన్ పక్కన వింగ్‌లో, కొన్నాళ్లు రెండో లైన్ సెంటర్‌గా. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ. అది ఆ పిల్లాడి గొప్పతనం, క్లబ్బు ఏర్పాటు కాదు.

నన్ను ఎక్కువగా బాధించింది సైమన్ ఎడ్విన్సన్ విషయం. 2021లో ఆరో పేరుగా వచ్చిన స్వీడన్ డిఫెన్స్ కుర్రాడు. ఆరడుగుల పైన ఎత్తు, ఆ ఎత్తుకు ఆశ్చర్యపోయేంత స్కేటింగ్. 2023 వేసవిలో డెట్రాయిట్ జస్టిన్ హాల్‌కు మూడేళ్ల ఒప్పందం ఇచ్చింది, జెఫ్ పెట్రీని తెచ్చుకుంది, షేన్ గోస్టిస్‌బేర్‌ను తీసుకుంది. భుజానికి శస్త్రచికిత్స నుంచి కోలుకున్న ఎడ్విన్సన్ గ్రాండ్ రాపిడ్స్‌లో బాగా ఆడుతూ ఎదురుచూశాడు. ఇక్కడ బయటివాళ్లకు కనిపించని మెలిక ఒకటుంది. సీనియర్‌ను కింది లీగ్‌కు పంపాలంటే ముందు అతన్ని వేవర్స్‌లో పెట్టాలి. అంటే మిగతా 31 క్లబ్బుల్లో ఎవరైనా ఏమీ ఇవ్వకుండా ఎత్తుకుపోవచ్చు. కొత్త కుర్రాడికి మొదటి కొన్నేళ్లు ఆ బెడద ఉండదు. ఎన్నిసార్లయినా పైకీ కిందికీ తిప్పవచ్చు. కనుక మనుషులు ఎక్కువైనప్పుడల్లా సర్దుకోవలసింది కుర్రాడే. ఇద్దరిలో ఎవరి ఆట మెరుగన్న ప్రశ్న దాకా పోదు, ఒప్పంద పత్రం దగ్గరే తేలిపోతుంది.

ఆ సీజన్లో ఎడ్విన్సన్ డెట్రాయిట్ తరఫున ఆడింది 16 మ్యాచ్‌లు. హాల్ చాలా మ్యాచ్‌లు ఆడకుండా కూర్చుని చూశాడు. సీజన్ చివర డెట్రాయిట్‌కు 91 పాయింట్లు, వాషింగ్టన్‌కూ 91. నిర్ణీత సమయంలో గెలిచిన మ్యాచ్‌లు ఎక్కువని వాషింగ్టన్ ముందుకెళ్లింది. ఒక్క పాయింటు! నవంబరు నుంచే ఎడ్విన్సన్ పైన ఉంటే ఆ పాయింటు వచ్చేదని నేను గట్టిగా నమ్ముతాను. మరుసటి ఏడాది అతను సైడర్ పక్కన మొదటి జతలో ఆడిన తీరు చూసినవాళ్లెవరైనా అదే అంటారు.

కుర్రాళ్ల పక్కన అనుభవమున్నవాళ్లు ఉండాలన్న వాదన నాకు తెలుసు. అందులో నిజముంది. ఓడిన రాత్రి డ్రెస్సింగ్ రూమ్‌లో ఏం చేయాలో తెలిసినవాళ్లు కావాలి. కానీ దానికి ఏడాది ఒప్పందాలు చాలు, మహా అయితే రెండేళ్లు. ఐదేళ్లు రాసిస్తే అతను తోడుగా వచ్చినట్టు కాదు, ఆ చోటును సొంతం చేసుకున్నట్టు.

ఓపికకు కూడా ఒక గడువుండాలి. ఫిలిప్ జడీనా 2018లో ఆరో పేరు, గోల్స్ కొట్టడానికే పుట్టాడన్న పేరుతో వచ్చాడు. కింది లీగ్‌కు పంపారు, పైకి తెచ్చారు, లైన్లు మార్చారు. డెట్రాయిట్‌లో 190 మ్యాచ్‌లకు 28 గోల్స్. చివరికి 2023లో, రావలసిన 45 లక్షల డాలర్లకు పైగా వదులుకుని ఒప్పందం రద్దు చేసుకున్నాడు. శాన్ హోసేలో ఏడాది ఆడి స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు. డబ్బు వద్దు, ఆడే చోటు కావాలన్నాడా కుర్రాడు. అతని ఆటలో లోపాలున్నాయి, కాదనను. కానీ 23 ఏళ్లవాడు అంత సొమ్ము వదిలి వెళ్లేదాకా వచ్చిందంటే, అతని కోసం ఎవరూ స్పష్టమైన దారి వేయలేదని అర్థం.

గోలీల సంగతి వేరు, అక్కడ ఎంత ఆలస్యమైనా తప్పులేదు. కోసా కోసం 2021లో డెట్రాయిట్ 15వ స్థానానికి ఎగబాకింది. అందుకు ఇచ్చిన 23వ పేరుతో డాలస్ వయట్ జాన్‌స్టన్‌ను తీసుకుంది. అతను 19 ఏళ్లకే జట్టులో స్థిరపడ్డాడు. కోసా తొలి ఎన్‌హెచ్ఎల్ మ్యాచ్ 2024 డిసెంబరులో. గోల్ ముందు ఒక్కడే నిలబడాలి కాబట్టి ఆ ఎదురుచూపును అర్థం చేసుకోగలను.

మన హాకీ ఇండియా లీగ్‌లో 2024-25 సీజన్‌కు ఒక్కో జట్టు 24 మందిలో నలుగురు జూనియర్లు ఉండి తీరాలన్న నిబంధన ఉండేది. ఎన్‌హెచ్ఎల్‌లో అలాంటి నిబంధన లేదు, రావాలని నేను కోరను కూడా. ఆ పని మేనేజర్ బుద్ధితో జరగాలి. పైగా లెక్క కూడా కుర్రాళ్లవైపే ఉంది. జట్టు మొత్తం జీతాలకు 2025-26లో పరిమితి 9.55 కోట్ల డాలర్లు. మొదటి మూడేళ్ల ఒప్పందంలో కుర్రాడి మూల వేతనం పది లక్షల లోపే. ఆ మూడేళ్లూ కింది లీగ్‌లో కరిగిపోతే, అదే పనికి పైన ఐదింతలు చెల్లించాలి. సైడర్‌కు ఇప్పుడు ఏటా 85 లక్షలు, రేమండ్‌కు 80 లక్షలు దాటాయి. అవి న్యాయమైన జీతాలే. వాటికి చోటుండాలంటే మూడో లైన్‌లో చవకగా, ఆకలితో ఆడే కుర్రాళ్లుండాలి.

2025 వేసవిలో చిన్న మార్పు కనిపించింది. రెండేళ్ల ఒప్పందంలో ఇంకా ఏడాది మిగిలి ఉండగానే వ్లాదిమిర్ తారాసెంకోను మినసోటాకు పంపేశారు. ఒక వింగ్ ఖాళీ అయింది. 2023 డ్రాఫ్ట్ ఏడో రౌండ్లో 201వ పేరుగా దొరికిన ఎమిట్ ఫినీ శిబిరంలో అందరినీ మెప్పించి, అక్టోబరులో మొదటి మ్యాచ్ నాటికి జట్టులో ఉన్నాడు. శాండిన్ పెలిక్కా, బ్రాన్‌సెగ్ నైగోర్ కూడా ఉన్నారు. పాత లెక్కల్లో అయితే ఆ ముగ్గురూ గ్రాండ్ రాపిడ్స్ బస్సులో ఉండేవారు.

ఐజర్‌మన్ ఇక ముందు కూడా ఈ దారే పట్టాలి. జులైలో ఏ సీనియర్‌తోనైనా సంతకం పెట్టే ముందు, అదే స్థానంలో గ్రాండ్ రాపిడ్స్‌లో ఎవరున్నారో, ఎప్పటికి సిద్ధమవుతారో చూసుకోవాలి. ఆ కుర్రాడు రావలసిన ఏడాదికి ఒక్క రోజు కూడా మించకుండా ఆ ఒప్పందం రాయాలి.