శివారు ఓటు ఎవరిది?

పోలింగ్ మర్నాడు పత్రికలు శివారు ఓటరుకి బద్ధకస్తుడని ముద్ర వేస్తాయి. హైదరాబాద్ శివార్లతో నిండిన మల్కాజిగిరిలో 2024 లోక్‌సభ ఎన్నికలకి సగం మందే కదిలారు. 2023 నవంబరులో దాని పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలూ భారత రాష్ట్ర సమితివి. ఆరు నెలలకే ఎంపీ సీటు భారతీయ జనతా పార్టీది. శివారు మొగ్గు మారిందన్నారు విశ్లేషకులు. మారింది బూత్ దాకా రాగలిగినవాళ్ల మొగ్గు. రానివాళ్ల మాటేమిటి?

అందులో సోమరులూ ఉన్నారు, కాదనను. కానీ అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే స్త్రీల సంగతి వేరు. బతుకు ఇక్కడ, ఓటు ఊళ్లో. మార్పించుకుందామంటే నివాసానికి రుజువు కావాలి. కరెంటు బిల్లు యజమాని పేర, అద్దె కాగితం అతను రాసివ్వడు. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ సంస్థల్లో పనిచేసేవారికి పోలింగ్ రోజున జీతంతో సెలవు ఇమ్మంటుంది. తన ఇల్లూ ఒక 'సంస్థే' అని ఏ యజమానురాలు ఒప్పుకుంటుంది? (మనలోనూ ఎందరం ఒప్పుకున్నాం?) అయ్యగారి సెలవు పనామెకి రెట్టింపు అంట్లు.

ఓటరు చైతన్యం పేరిట ముగ్గుల పోటీలు, పరుగులు చాలించండి. ఇల్లు లేనివారిని బూత్ స్థాయి అధికారి స్వయంగా విచారించి నమోదు చేసే పద్ధతి ఉంది. బస్తీల అద్దెగదులకీ ఆయన అలాగే, పనులు ముగిసిన రాత్రివేళ రావాలి. ఇంటిపని కార్మికుల సెలవు చట్టంలో పేరుపెట్టి రాయాలి.