యజమాని కావాలి, దొర కావొద్దు

మన వాడల్లోనూ చెప్పుల షెడ్లు, టైలరింగు షాపులు పెట్టినవాళ్లున్నారు. సంతోషమే. కానీ కొందరి నోట దొర మాటే వినబడుతోంది: "ఒరేయ్, చెప్పింది చెయ్." దొర గడప ముందు మనం చేతులు కట్టుకుని నిలబడింది చాలదా?

1942లో వైస్రాయి కౌన్సిల్ కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ ఢిల్లీలో యజమానుల్నీ కార్మికుల్నీ ప్రభుత్వంతోపాటు ఒకే సమావేశంలో కూర్చోబెట్టారు. పదిమంది ఉన్న షెడ్డులో ఆ పని చెయ్యలేమా?

మేమనేది ఇదే. వారానికోసారి పనోళ్లతో సమంగా కూర్చోండి. ఏ ఆర్డరొచ్చింది, బిల్లెందుకు ఆగింది, కూలి ఏ రోజిస్తారు, దాచకుండా చెప్పండి. అడ్వాన్సు లెక్క చదివి వినిపించాకే వేలిముద్ర అడగండి. తప్పు జరిగితే నలుగురిలో తిట్టొద్దు, పక్కకు పిలిచి చెప్పండి. వాళ్లు చెప్పేదీ వినండి. మిషను మొరాయిస్తోందని ముందు తెలిసేది తొక్కేవాళ్లకే. భయపడ్డ మనిషి ఆ మాట చెప్పడు. నష్టం మనకే.