ఇంటికో పారిశ్రామికవేత్త సరే, గాజుల జత ఎంతకి అమ్మాల?

"ఇంటికో పారిశ్రామికవేత్త" అన్న మాట ఇప్పుడు మన రాష్ట్రంలో ఏ సభకెళ్లినా వినిపిస్తంది. ఢిల్లీ వాళ్లది ఇంకో మాట, "లఖ్‌పతి దీదీ". సంఘంలో ఉన్న ఆడమనిషి ఇంటికి ఏడాదికి లక్ష రూపాయలు వస్తే ఆమె లఖ్‌పతి అన్నమాట. 2024 ఫిబ్రవరి బడ్జెట్లో ఆ గురిని రెండు కోట్ల మంది నుంచి మూడు కోట్లకి పెంచీసారు. లక్షంటే వినడానికి బాగానే ఉంటాది. పన్నెండు నెలలకి పంచి చూడండి, నెలకి 8,333 రూపాయలు. అదీ ఇంటిల్లిపాదికీ కలిపి.

పలాస, టెక్కలి, మందస, సోంపేట, కవిటి వైపు ఆడోళ్లు ఈ లక్షకి దారి ఏటని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు నగలు. పట్టుదారం గాజులు, పూసల దండలు, మట్టి జుంకాలు. యంత్రం అక్కర్లేదు, షెడ్డు అక్కర్లేదు, మంచం మీద కూర్చుని చేసుకోవచ్చు. నాలుగు రోజులు నేర్పించీసి, చేతిలో ఒక కాయితం పెట్టీసి, ఫొటో తీసీసి ఎళ్లిపోతారు. గాజుకి దారం ఎలాగ చుట్టాలో నేర్పుతారు గానీ, ఆ గాజు ఎంతకి అమ్మాలో ఒక్కళ్లూ చెప్పరు.

ఈ పనిని చిన్నచూపు చూడ్డానికి నేను రాయడం లేదు. ఉద్దానంలో ఈ పనికి ఉన్న విలువ వేరు. జీడిపిక్కలు కొట్టి, ఒలిచే ఆడోళ్ల చేతులు చూసినవాళ్లకి తెలుస్తాది, జీడిరసం చర్మాన్ని ఎలాగ కాల్చీస్తాదో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరం మీద పడి కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. కొబ్బరిచెట్టు నాటిన ఏడాదికే కాపుకి రాదు కదా. మగోళ్లు వలస పోయారు. దాని మీద కిడ్నీ రోగం. వారానికి రెండు మూడుసార్లు మనిషిని డయాలసిస్‌కి తీసుకెళ్లి గంటల తరబడి బయట కూర్చునే ఆడమనిషి కూలికి ఎలాగ ఎళ్తాది? సంచిలో పెట్టుకుని పట్టుకెళ్లగలిగే పని ఆమెకి కావాల. పూసలు గుచ్చడం అలాంటి పని. అందుకే దీని లెక్క సరిగ్గా ఉండాలంటాను.

ఒక జత పట్టుదారం గాజులు తీసుకుందాం. ప్లాస్టిక్ గాజులు, దారం, రాళ్లు, గమ్ము కలిపి 60 రూపాయలు అయిందనుకోండి. చుట్టి, రాళ్లంటించి, ఆరబెట్టడానికి రెండు గంటల పని. బస్సు ఛార్జీ, కవరు, పాడైపోయిన సరుకు, అన్నీ కలిపి జతకి ఒక 15. "డెబ్బయి అయిదు అయింది, నూట యాభైకి అమ్మాను, సగానికి సగం లాభం" అని మన అప్పలు సంబరపడతారు. ఆ రెండు గంటలు ఏటైపోనాయి మరి?

2025-26లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో రోజుకి 307 రూపాయలు. ఎనిమిది గంటలకి లెక్కేస్తే గంటకి 38 పైచిలుకు, రెండు గంటలకి 77. ఇప్పుడు కలపండి: 60, 15, 77. మొత్తం 152. నూట యాభైకి అమ్మితే లాభం కాదు, రెండు రూపాయలు చేతిదే పోనాది. అదీ మీరే నేరుగా అమ్మితే. కాశీబుగ్గలో ఏ ఫ్యాన్సీ షాపులోనో పెడితే వాళ్లకి నూటికి 30 ఇవ్వాలనుకోండి. నూట యాభైలో 45 వాళ్లకి పోతే మీకొచ్చేది 105. అందులో ఖర్చు 75 తీసీస్తే మిగిలింది 30. రెండు గంటలకి ముప్పై రూపాయలు! రోజంతా చేస్తే 120. గునపం పట్టినా 307 వస్తంటే, కళ్లు పోయేలాగ కూర్చున్న చేతిపనికి అందులో సగం కూడా రాలేదు. షాపులో పెట్టి కూలి గిట్టాలంటే ఆ జత 220కి పోవాల.

ఇది మీ ఇంటి లెక్క కాకపోవచ్చు. మీ దారం ధర వేరు, మీ చెయ్యి వాటం వేరు. గడియారం ముందర పెట్టుకుని ఒక జత చెయ్యండి, ఎంతసేపు పట్టిందో రాయండి. ఒక్క రోజు చేస్తే చాలు, మీ ధర మీకే తెలిసిపోతాది. సొంత చాకిరీకి ఖరీదు కట్టకుండా పెట్టిన ధర ధరే కాదు. ఆడోళ్ల పనికి ఇంట్లో లెక్క లేదు, పొలంలో తక్కువ లెక్క. సొంత యాపారంలో కూడా తన చేత్తో తనే సున్నా రాసుకుంటే ఇంకేటి చెప్పాల?

"220 అంటే ఎవలు కొంతారు బాబూ, సంతలో 80కే ఇస్తన్నారు" అంటారు. నిజమే. ఫ్యాక్టరీ గాజుతో ధరలో పోటీకి దిగితే మనం ఓడిపోతాం. మనకంటే అనుభవం ఉన్నవాళ్లకే కష్టంగా ఉన్నాది. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి గిల్టు నగలకి ఎంత పేరు! అక్కడ ఒక్క మనిషి నగ మొత్తం చెయ్యడు. పోత పోసేవాళ్లు, అతికేవాళ్లు, రాళ్లు పెట్టేవాళ్లు, పూత వేసేవాళ్లు, ఎవరి పని వాళ్లది. అందుకే వాళ్లకి పని బేగి అవుతాది, ధర దిగుతాది. పేరొకటి ఉంటే చాలదు కూడా. మన జిల్లాలోనే బుడితి ఇత్తడికి జీఐ గుర్తింపు ఎప్పుడో వచ్చింది. ఆ గుర్తింపు ఇంకొకడు ఆ పేరు వాడుకోకుండా ఆపుతాది గానీ, గిరాకీని ఇంటికాడికి తెచ్చి పెట్టదు.

ఫ్యాక్టరీ చెయ్యలేనిది మనం అమ్మాల. చీర తెచ్చి రంగు చూపిస్తే ఆ రంగుకి సరిపోయే దారం చుట్టి ఇవ్వడం ఫ్యాక్టరీకి రాదు. లావుపాటి చేతికీ, పిల్ల చేతికీ కొలత తీసి ఇవ్వలేదు. పెళ్లికి ఇంట్లో పది మంది ఆడోళ్లకి ఒకే తీరు గాజులు నాలుగు రోజుల్లో కావాలంటే ఇవ్వలేదు. సంక్రాంతికి వలస పోయినవాళ్లు ఊరొస్తారు, చేతిలో నాలుగు డబ్బులు ఉంటాయి, పెళ్లిళ్లు పెట్టుకుంటారు. ఆర్డరు అప్పుడే. సగం డబ్బులు ముందు తీసుకోండి. చుట్టం కదా, ఎలాగ అడుగుతాం అంటారు. పెళ్లివారు వద్దంటే ఆ రంగు గాజులు ఇంకెవరి చీరకీ అతకవు.

ఇంకో పని ఉన్నాది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. కొత్త నగ కొనలేనివాళ్లు పాతదాన్నే బాగు చేయించుకుంటారు. నల్లపూసలు తెగిపోతే గుచ్చాలి, ముత్యాల దండ దారం మార్చాలి, కొత్త తరహాగా మళ్లీ కట్టాలి. ఇది రోజూ ఉండే పని, సరుకు ఖర్చు దాదాపు లేదు, మొత్తం చేతి కూలే. కానీ ఒక్క జాగ్రత్త. వేరేవాళ్ల బంగారు గుండు చేతిలోకి తీసుకునే ముందు వాళ్ల ఎదురుగానే తూయించి, గుళ్లు లెక్కపెట్టి, కాయితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. వీలైతే వాళ్లని కూర్చోబెట్టే గుచ్చి ఇచ్చీండి. ఒక్క గుండు తగ్గిందన్న మాట ఊర్లో పడితే ఆ ఊర్లో మళ్లీ పని దొరకదు.

ఊరి సరుకుతో నగలు అంటే అందరికీ ముందు కొబ్బరిచిప్ప గుర్తొస్తాది, ఉద్దానంలో దానికి కొదవ లేదు. బాగా ఎండిన చిప్పని కోసి, గరుకు కాయితంతో రుద్ది, సన్నగా బెజ్జం పెట్టి, కొబ్బరినూనె రాస్తే మంచి నలుపు తేలుతాది. రుద్దేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. గురివింద గింజల జోలికి మాత్రం ఎళ్లొద్దు. చూడ్డానికి ఎర్రగా ముచ్చటగా ఉంటాయి గానీ లోపల విషం. బెజ్జం పెడితే ఆ పొడే చేటు, పగిలిన గింజ పసిపిల్ల నోట్లో పడితే ప్రాణం మీదికే వస్తాది. తాబేలు చిప్ప, పగడపు దిబ్బల ముక్కలు, కొన్ని రకాల గవ్వలు 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. సముద్రం ఒడ్డున ఉత్తినే దొరికింది కదా అంటే ఫారెస్టోళ్లు ఒప్పుకోరు. మందస, మెళియాపుట్టి కొండల్లో సవర ఆడోళ్లు పూసలతో చేసుకునే దండలు చూసి "ట్రైబల్ నగలు" అని మనం చేసి అమ్మడం ఇంకో ముచ్చట. చట్టం పట్టుకోకపోవచ్చు. కానీ వాళ్ల తీరు అమ్ముకుంటే పనీ డబ్బూ వాళ్లకే పోవాలని నా మాట. చెవి కొక్కేల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. చవకరకం లోహానికి చెవి పుండయితే ఆ కొన్నామె మళ్లీ మీ గుమ్మం తొక్కదు.

ఇక పన్ను. జీఎస్టీ అనగానే భయపడిపోతారు. చేత్తో చేసిన గిల్టు, పూసల నగలకి పన్ను నూటికి 3. మామూలు గాజు గాజులకీ, లక్క గాజులకీ పన్నే లేదు. సరుకు అమ్మేవాళ్లకి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. మన అప్పలకి ఆ బాధ ఎక్కడిది? బాధ ఇచ్ఛాపురం దాటాక మొదలవుతాది. అక్కడి నుంచి ఒడిశా. ఉద్దానం మనిషికి బరంపురం బజారు పరాయిది కాదు, పెళ్లి బట్టలకి ఎళ్తాం, ఆస్పత్రికి ఎళ్తాం. కానీ పన్ను కాయితాల్లో అది వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రంలో అమ్మితే మామూలుగా ఎంత చిన్న యాపారికైనా రిజిస్ట్రేషన్ కావాల. చేతిపని వస్తువులకి ఇందులో మినహాయింపు ఉన్నాది, 20 లక్షల లోపయితే అక్కర్లేదు. అయితే పాన్ కార్డు ఉండాలి, సరుకు వెయ్యి రూపాయలదైనా సరే ఈ-వే బిల్లు తియ్యాలి. కంపెనీ లారీకి యాభై వేల దాకా ఆ బిల్లు అడగరు. సంచిలో గాజులు పెట్టుకుని బస్సెక్కిన ఆడమనిషిని మొదటి రూపాయి నుంచీ అడుగుతారట. ఈ రూలు రాసినాయన ఏ రోజూ ఇచ్ఛాపురం బస్టాండు చూసుండడు.

ఫోన్లో యాప్‌ల మీద అమ్మకం ఇంకో తిరకాసు. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ లేని చిన్నవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చన్నారు, ఒక నమోదు నంబరు తీసుకుంటే చాలు. సంతోషమే. కానీ షరతు ఏటంటే, అలాగ అమ్మేవాళ్లు రాష్ట్రం దాటి అమ్మకూడదు. అంటే టెక్కలిలో చేసిన దండ యాప్‌లో అనంతపురం దాకా పోవచ్చు గానీ, పక్కనున్న బరంపురం పోకూడదు. చేత్తో పట్టుకెళ్తే ఒక రూలు, ఫోన్లో పంపితే ఇంకో రూలు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి ఇలాంటి చిన్న అమ్మకందార్లకి వేరే రాష్ట్రాల్లో అమ్ముకోడానికి సులువైన రిజిస్ట్రేషన్ పెడదామని సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సరిహద్దు మీద బతికే మన జిల్లా ఎంపీ, ఎమ్మెల్యేలు ఇందులో నోరు విప్పడానికి ఇదే సమయం. జీడిపప్పు మీద పన్నంటే మాట్లాడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, పూసల సంచి గురించి ఎవలూ లేరు.

అప్పుల సంగతి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులు ఉన్నాయి. కంసాలి పని ఉన్నాది, పూలదండలు కట్టేవాళ్లు ఉన్నారు, బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు. పూసల దండలు గుచ్చేవాళ్లు లేరు. పూలదండకి ఒక న్యాయం, పూసల దండకి ఒకటా? కంసాలి ఇళ్లవాళ్లు మాత్రం వదలొద్దు, పనిముట్లకి 15,000, ముందు లక్ష, తర్వాత రెండు లక్షలు, 5 శాతం వడ్డీకి. మిగతావాళ్లకి ముద్రలో శిశు రకం, 50 వేల దాకా, తాకట్టు లేదు. దానికి ఉద్యమ్ నమోదు చేయించుకోండి, అది ఉచితం. రెండు వేలు ఇస్తే చేయించి పెడతామనేవాడికి పైసా ఇవ్వొద్దు. డ్వాక్రా అప్పు వస్తే సంఘంలో అందరూ సమానంగా పంచుకుంటారు, యాపారం ఉన్నామెకీ లేనామెకీ ఒకటే వాటా. అక్కడ మాట్లాడుకుని, ముగ్గురు నలుగురు కలిసి దారం, పూసలు టోకున తెచ్చుకుంటే సరుకు ఖర్చు తగ్గుతాది. నేను చూసినంతవరకూ ఈ పనిలో లాభం కనబడేది కొనే దగ్గరే.

ఫోన్లకి వచ్చే ఒక ప్రకటన గురించి కూడా చెప్పాల. "ఇంటికాడే కూర్చుని ముత్యాల దండలు గుచ్చండి, నెలకి పదిహేను వేలు, సరుకు మేమే ఇస్తాం, డిపాజిట్ మూడు వేలు." డబ్బు కట్టించుకుని సరుకు ఇస్తారు. గుచ్చి ఇస్తే "బాగా రాలేదు" అని వెనక్కి కొడతారు. డిపాజిట్ పోతాది. ఇంకొన్నాళ్లకి ఆ నంబరే పలకదు. పనిచ్చేవాడు మనకి డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడం ఏటండీ? ఇలాగ పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుపడి ఇంట్లోనూ చెప్పరు. 1930 నంబరుకి ఫోను చెయ్యండి, ఎంత బేగి చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అమ్ముకునే చోటు చివరి మాట. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర, కార్తీక సోమవారాల్లో రావివలస ఎండల మల్లన్న గుడి, ఈ రోజులు ముందే తెలుసు. వాటికి రెండు నెలల ముందు నుంచి సరుకు కట్టుకోవాల. మిగతా రోజులకి బజార్లో చోటు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం నూటికి 40 మంది యాపారులే, వాళ్లలో మూడో వంతు ఆడోళ్లు. పలాస-కాశీబుగ్గలోనూ, ఇచ్ఛాపురంలోనూ మున్సిపాలిటీ ఆఫీసుకి ఎళ్లి, ఆ కమిటీలో ఉన్నవాళ్ల పేర్లు కాయితం మీద రాసివ్వమని అడగండి. వారానికి రెండు రోజులైనా చేతిపని ఆడోళ్లకి ఫలానా చోటు అని ఆ కమిటీతోనే రాయించుకోవాల. ఒక్కరు ఎళ్తే రేపు రమ్మంటారు. పది మంది ఎళ్లండి, అర్జీకి రసీదు తీసుకునే బయటికి రండి.