శివగామి ఏదమ్మా?

కూరలో ఉప్పు తక్కువైతే ఇంటిల్లిపాదీ చెప్తారు. ఎవరైనా ప్రేమగా తెచ్చిన పుస్తకం చప్పగా ఉంటే మాత్రం చెప్పడానికి నోరు రాదు. ఈ వారం నా గొడవ అదేనండీ.

2015 జులైలో 'బాహుబలి' చూసొచ్చాక, 2017 ఏప్రిల్లో రెండో భాగం వచ్చేదాకా మా చల్లపల్లిలో అందరిదీ ఒకటే ప్రశ్న, కట్టప్ప ఎందుకు చంపాడని. నాకు మాత్రం శివగామి. తను మునిగిపోతూ పసిబిడ్డను నీళ్ళపైకెత్తి పట్టుకున్న ఆ చెయ్యి మర్చిపోలేను. 1977 దివిసీమ ఉప్పెన సంగతులు అమ్మ నోట వింటూ పెరిగినదాన్ని మరి!

అది తెలిసే మా అమ్మాయి మొన్న దసరాకొస్తూ 'ది రైజ్ ఆఫ్ శివగామి' కొనుక్కొచ్చింది. సినిమా కథకు ముందు జరిగిన కథట. ఆనంద్ నీలకంఠన్ గారు ఇంగ్లీషులో రాశారు, 2017లో వచ్చింది. నా ఇంటర్ ఇంగ్లీషుకి అది అందదని, రోజూ నేను గోంగూర గిల్లుతుంటే పక్కన కూర్చుని తెలుగులో చెప్పేది.

మొదలు భలేగా ఉందండీ. శివగామి తండ్రిని రాజద్రోహి అని మాహిష్మతి మహారాజు చంపిస్తాడు. ఈ రాజ్యాన్ని నాశనం చేస్తానని ఆ పిల్ల ఒట్టు పెట్టుకుంటుంది. అలాంటి పిల్ల అదే సింహాసనాన్ని ప్రాణంగా కాపాడే రాజమాత ఎలా అయింది? నాకు కావలసింది ఆ ఒక్క సంగతే. కానీ బానిసలు, దొంగలు, మంత్రులు, కుట్రలు, రహస్యపు రాళ్ళు... శివగామి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. విస్తట్లో ముప్పై రకాలు వడ్డించి, ఇష్టమైనది మారు వడ్డించకపోతే ఎలా ఉంటుంది? అసలు ప్రశ్నకి పూర్తి జవాబు కావాలంటే ఇంకో రెండు భాగాలు చదవాలట!

'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు కూడా నెలనెలా ఉత్కంఠలోనే ఆగేవి. అయినా ఆ నెలకి కడుపు నిండేది. ఇక్కడ అంత లావు పుస్తకం విన్నా ఆకలి తీరలేదు. న్యాయంగా చెప్పాలంటే కుర్ర కట్టప్ప కథ బాగుంది. యజమాని మీద విశ్వాసానికీ, తమ్ముడి మీద ప్రేమకీ మధ్య నలిగిపోతుంటే జాలేసింది.

ఆఖరి రోజు "ఎలా ఉందమ్మా?" అనడిగింది. బాగుందనబోయాను. పెళ్ళయిన దగ్గర్నుంచి అన్నిటికీ ఆ మాటే కదా మనది! చీరకీ అంతే, సినిమాకీ అంతే. ఎందుకో ఆ రోజు మాత్రం, "శివగామి ఏదమ్మా? నాకు నచ్చలేదు" అనేశాను.

అది పకపకా నవ్వి, "నాకూ విసుగేసిందమ్మా. నువ్వు ఇష్టంగా వింటున్నావని చదివా" అంది. అది చదువుతోందని నేను, నేను వింటున్నానని అది! ఆ రాత్రి పన్నెండింటిదాకా శివగామి కథ ఎలా ఉండాల్సిందో ఇద్దరం అల్లుకుంటూ కూర్చున్నాం. ఆ కథే బాగుందండీ.

నచ్చలేదని చెప్తే ప్రేమ తగ్గిపోదని ఇన్నేళ్ళకి తెలిసింది. మీరూ ఈసారి "బాగుంది" అనే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. ఏమైందో నాకు రాయడం మర్చిపోకండేం!